హారిసన్ బే: నీటి అడుగున ఊరు, ఒడ్డున చక్రాల ఇళ్ళు

అమెరికాలో టెన్నెసీ రాష్ట్రపు చాటనూగా నగరానికి ఈశాన్యంగా కొద్ది మైళ్ళ దూరంలో, చికమాగా సరస్సు ఒడ్డున హారిసన్ బే స్టేట్ పార్కు ఉన్నది. ఒక వేసవిలో మిత్రుని కుటుంబంతో కలిసి, అద్దెకు తీసుకున్న ఆర్వీలో అక్కడ రెండు రాత్రులు గడిపాను. పడకలూ, పొయ్యీ, స్నానాల గదీ ఇముడ్చుకున్న బండిని ఆర్వీ అంటారు. చక్రాల ఇల్లు అనుకుంటే సరిపోతుంది.

ఈ విడిదికి ఒక పద్ధతి ఉన్నది. చెట్ల నడుమ ఒక్కొక్క బండికి ఒక్కొక్క జాగా, దానికొక అంకె. బండిని వెనక్కు నడిపించి అందులో నిలిపి, కింద జాకీలు దించి, అటూ ఇటూ ఒరగకుండా సమం చేసుకోవాలి. పక్కనున్న స్తంభానికి కరెంటు తీగ, కుళాయికి గొట్టం తగిలించుకుంటే ఇల్లు సిద్ధం. వాడిన నీళ్ళు బండి అడుగునున్న తొట్లలో చేరతాయి. వెళ్ళేటప్పుడు వాటిని నిర్ణీత స్థలంలో ఖాళీ చేయాలి. సాయంకాలమయ్యేసరికి కొందరు గాలాలు పట్టుకుని ఒడ్డుకు చేరారు, పిల్లలు సైకిళ్ళెక్కారు, మా వాళ్ళు నిప్పుల మీద వంకాయలు కాల్చసాగారు. అందరి ముఖాల్లోనూ తీరుబడి కనిపించింది.

బే అంటే నీరు లోపలికి చొచ్చుకువచ్చిన చోటు. మరి హారిసన్ ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు వెతకబోతే, నేను నిలబడిన నేల కింద పొరలు పొరలుగా కథ బయటపడింది. మిత్రులతో పంచుకోదగినదనిపించి రాస్తున్నాను.

పందొమ్మిదవ శతాబ్దపు తొలిభాగంలో ఇది చెరోకీల భూమి. వారిలో మిక్కిలి ధనవంతుడు జోసెఫ్ వాన్. జనం 'రిచ్ జో' అనేవారు. జార్జియాలో స్ప్రింగ్ ప్లేస్ దగ్గర అతనికి తండ్రి కట్టించిన ఇటుకల మేడ ఉండేది. 1830లో ఆదివాసులను మిసిసిపీ నదికి పడమటివైపు తరలించే చట్టం వచ్చింది. జార్జియా ప్రభుత్వం చెరోకీల భూములను లాటరీలో తెల్లవారికి పంచింది. 1835లో వాన్‌ను మేడనుంచి వెళ్ళగొట్టారు. అతడు ఉత్తరానికి వచ్చి టెన్నెసీ నది ఒడ్డున, నేటి పార్కు ప్రాంతంలో కాపురం పెట్టాడు. అక్కడి మూడు చెరోకీ పల్లెలకు అతడే పెద్ద. ఆ నీడా ఎంతోకాలం నిలువలేదు. అతడు పడమటికి, నేటి ఓక్లహామాలోని వెబర్స్ ఫాల్స్‌కు తరలిపోయాడు. 1838లో సైన్యం మిగిలిన చెరోకీలను చుట్టుముట్టి, శిబిరాల్లో కుక్కి, పడమటికి తోలింది. దారిలో వేలమంది మరణించారు. చరిత్రలో అది 'కన్నీటి బాట'గా నిలిచిపోయింది.

అయితే వాన్‌ను కేవలం బాధితుడిగా చిత్రిస్తే సత్యానికి అన్యాయం చేసినట్టే. అతని కింద వందకు పైగా నల్లజాతి బానిసలుండేవారు. యజమాని వలసపోతే వారూ పోవలసిందే. యజమానికి పోగొట్టుకోవటానికి భూమి ఉన్నది. వారికి తమ దేహమే తమది కాదు. 1842లో వెబర్స్ ఫాల్స్‌లో వారిలో కొందరు తిరగబడి మెక్సికో వైపు పారిపోజూశారు, పట్టుబడ్డారు. 1844లో వాన్ తన సొంత పొగపడవ పేలిపోయి ఒహాయో నది మీద మరణించాడు.

చెరోకీలు ఖాళీ చేసిన చోట తెల్లవారి ఊరు వెలసింది. మొదట అది వాన్ పేరుతోనే వ్యవహారంలో ఉండేది. తర్వాత హారిసన్ అయింది. 1840 నుంచి 1870 వరకు ఆ ఊరే హామిల్టన్ కౌంటీకి ముఖ్యపట్టణం. రైలుమార్గాలు చాటనూగాను పెద్దచేయటంతో కచేరీ అక్కడికి తరలిపోయింది. హారిసన్ చిన్న ఊరుగా మిగిలిపోయింది.

టెన్నెసీ నది ఉగ్రరూపం సామాన్యమైనది కాదు. 1867 వరదలో చాటనూగా వద్ద నీటిమట్టం దాదాపు 58 అడుగులకు చేరింది. వరదలను అరికట్టడానికి, పడవలు నడపడానికి, విద్యుత్తు తీయడానికి 1933లో టెన్నెసీ వ్యాలీ అథారిటీ ఏర్పడింది. దానినే టీవీయే అంటారు. 1936లో చికమాగా ఆనకట్ట పని మొదలైంది. ముంపు భూములను సంస్థ కొన్నది. అమ్మనన్నవారినుంచి చట్టబలంతో తీసుకున్నది. కుటుంబాలు కదిలాయి. పాత హారిసన్ నీటి అడుగుకు చేరింది. 1940 సెప్టెంబరు 2న అధ్యక్షుడు రూజ్వెల్ట్ వచ్చి ఆనకట్టను అంకితం చేశాడు. వరద భయం తగ్గిన మాట, లోయలో దీపాలు వెలిగిన మాట నిజం. ఆ మేలును కాదనటం నా ఉద్దేశం కాదు.

కొత్త సరస్సుకు కొత్త ఒడ్డు వచ్చింది. ఆ ఒడ్డున సుమారు 1,200 ఎకరాల్లో టీవీయే నమూనాగా తీర్చిన విహారస్థలమే 1937లో స్థాపితమైన హారిసన్ బే పార్కు. టెన్నెసీ స్టేట్ పార్కులలో ఇదే మొదటిదని చెబుతారు. కాని అది తెల్లవారికి మాత్రమే. నల్లవారికోసం అదే సరస్సు ఒడ్డున 353 ఎకరాల్లో వేరొక పార్కును ఏర్పరచి, దానికి బుకర్ టి. వాషింగ్టన్ పేరు పెట్టారు. రాష్ట్రంలో నల్లవారికని కేటాయించినవి రెండే పార్కులు. రెండవది మెంఫిస్ దగ్గరి టి. ఓ. ఫుల్లర్ పార్కు. నీరు ఒక్కటే, ఒడ్డులే రెండు. మన ఊళ్ళలో ఒకే చెరువుకు వేర్వేరు రేవులను ఎరిగిన మనకు ఈ ఏర్పాటును విప్పి చెప్పనక్కరలేదు.

చక్రాల ఇళ్ళ చరిత్ర కూడా ఈ కథకు సమాంతరంగానే నడిచింది. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో కార్ల యాత్రికులు కొందరు 'టిన్ క్యాన్ టూరిస్ట్స్' అనే సంఘం పెట్టుకున్నారు. కారు ముందు రేకుడబ్బా తగిలించుకోవటం వారి గుర్తు. 1936లో ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ వెండిరంగు అల్యూమినియం బండిని విపణిలోకి తెచ్చింది. సరిగ్గా అదే ఏడాది న్యూయార్కులో విక్టర్ గ్రీన్ అనే తపాలా ఉద్యోగి ఒక చిన్న పుస్తకం వేశాడు. నల్లజాతి ప్రయాణికులు అవమానం లేకుండా ఎక్కడ తినవచ్చో, ఎక్కడ తలదాచుకోవచ్చో అందులో జాబితా ఉండేది. 1956 తర్వాత అంతర్రాష్ట్ర రహదారులు పరచుకుని ఆర్వీ యాత్రలు పెరిగాయి. 1964 పౌరహక్కుల చట్టం తరువాతగాని ఆ పుస్తకపు అవసరం తీరలేదు. దారి అందరిదీ అని మనం అనుకుంటాం. అలా కావటానికి ఎంతకాలం పట్టిందో ఇటువంటి చోట్లే తెలుస్తుంది.

ఈ కథ మనకు దూరమైనదేమీ కాదు. టీవీయేను ఆదర్శంగా పెట్టుకునే మన దేశంలో 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడింది. టీవీయే మాజీ అధ్యక్షుడు డేవిడ్ లిలియెంతాల్ 1951లో భారతదేశానికి వచ్చి, సింధునదిపై రాసిన వ్యాసం 1960 నాటి సింధు జలాల ఒప్పందానికి దారితీసిన చర్చలకు బీజమైంది. 1955లో నెహ్రూ నాగార్జునసాగరానికి పునాదిరాయి వేశారు. అక్కడ ముంపుకు ముందే ఇక్ష్వాకుల విజయపురిని తవ్వి, ముఖ్యమైన కట్టడాలను కొండమీద, అనుపులో మళ్ళీ నిలబెట్టారు. రాళ్ళకు అంకెలు వేసి తరలించవచ్చు. ఊరికి అంకెలు వేయటం ఎలా? శ్రీశైలం ముంపులో ఇళ్ళు వదిలినవారిలో ఒక పెద్దాయన మా బంధువులకు పరిచయస్తుడు. తన ఊరిపేరు అడిగితే, జవాబుకు ముందు కాసేపు నేలవైపు చూసేవాడట.

రెండవ రాత్రి భోజనాలయ్యాక మిత్రుని కూతురు, తొమ్మిదేళ్ళది, “నీళ్ళ కింద ఇంకా ఇళ్ళున్నాయా మామయ్యా?” అని అడిగింది. ఊరు ఉండేదని చెప్పాను. “మరి వాళ్ళెక్కడికి వెళ్ళారు?” అన్నది. ముందు చెరోకీల గురించి చెప్పాలో, వారి బానిసల గురించి చెప్పాలో, హారిసన్ వాసుల గురించి చెప్పాలో నాకు పాలుపోలేదు. మొదటినుంచీ మొదలుపెట్టాను. సగంలోనే నిద్రపోయింది.

తెల్లవారి జాకీలు ఎత్తి, తీగ చుట్టి, గొట్టం విప్పి, తొట్లు ఖాళీ చేసి బయలుదేరాము. మేము మలుపు తిరిగేలోగా మా జాగాలోకి మరొక బండి వెనక్కు నడుస్తూ వస్తున్నది. పాప లేచి కూర్చుని, “మిగతా కథ?” అన్నది. చాటనూగా చేరేదాకా చెబుతూనే ఉన్నాను.