గాలపుకర్ర పుట్టుపూర్వోత్తరములు

గాలము వేయుట పనిలేనివాని పని యని చిన్ననాడు మా యింటి పెద్దలు మమ్ము మందలించుచుండెడివారు. అయినను హోసూరు రామనాయకుని చెరువుగట్టున మేనమామగారి ప్రక్కన కూర్చుండి, నీటిపై బెండు మునుగుటకై రెప్పవేయక చూచిన సాయంకాలములు మాకు పెక్కు కలవు. ఆయన చేతిలోనిది తిన్నని వెదురుకర్ర. దాని చివర దారము, దారమునకు గాలము, గాలమునకు వానపాము. అంతకుమించి ఆ కర్రకు చరిత్ర యుండునని మేమెన్నడును తలపలేదు. గుమాస్తా కొలువు ముగిసి తీరిక దొరకిన పిదప కొంత చదివి, కొంత విచారించి తెలిసికొన్నదానిని సోదరులకు విన్నవించుచున్నాము.

మొదట తెలిసినదే మమ్ము ఆశ్చర్యపరచినది. కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దపు పూర్వార్ధమున 'మానసోల్లాస' మను సంస్కృత గ్రంథమును రచించెను. రాజులకు తగిన వినోదములను చెప్పుచు అందొక అధ్యాయమును మత్స్యవినోదమునకే కేటాయించెను. చేపల జాతులు, వానికి వేయదగిన మేత, గాలముతో పట్టు విధము అన్నియు అందు కలవు. ఈ అధ్యాయమును 1951లో జంతుశాస్త్రవేత్త సుందరలాల్ హోరా ఆంగ్లమున వివరించి లోకమునకు తెలిపెను. గాలపు వేటపై ఆంగ్లభాషలో మొదట అచ్చయిన గ్రంథము 1496 నాటిది. అనగా మన దక్కను రాజు అంతకు మూడున్నర శతాబ్దములకు పైగా ముందే ఈ 'పనిలేని పని'ని శాస్త్రముగా వ్రాసియుంచెను. ఈ సంగతి మా పెద్దలకు తెలిసియుండిన మాకు కొన్ని చీవాట్లు తప్పియుండును.

ఇక కర్ర సంగతి. డెంకణికోట, అంచెట్టి అడవులలో పెరుగు సాధనపు వెదురును మనవారందరు ఎరుగుదురు. దీనినే మగవెదురనియు అందురు. లోపల బోలు తక్కువ, గట్టిదనము ఎక్కువ. లాఠీలకు, ఈటెలకు పేరుపడినది. 19వ శతాబ్దమున ఈ జాతి వెదురే ఉత్తర భారతపు అడవులనుండి కలకత్తా రేవు ద్వారా ఓడలకెక్కి పడమటి దేశములకు పోయెను. అచటివారు దానికి పెట్టిన పేరు 'కలకత్తా కేన్'. పుట్టిన కొండపేరు పోయి, ఓడ యెక్కిన రేవుపేరు మిగిలినది. అమెరికాలో ఈస్టన్ పట్టణపు తుపాకుల పనివాడు సామ్యూల్ ఫిలిప్ 1840ల ప్రాంతమున వెదురును నిలువున చీల్చి, బద్దలను మరల అతికించి గాలపుకర్రలు చేసెను. తరువాత హైరమ్ లెనార్డ్ మొదలగువారు ఆరు బద్దల కర్రను యంత్రముతో చేయ మొదలిడిరి. ముక్కోణముగా చెక్కిన ఆరు బద్దలు ఒకటైనచో ఆరు పలకల కర్ర యగును. వెదురు పైపొరలోని నారయే బలము కావున, ఆ పొరను చెక్కక వెలుపలనే యుంచుట ఇందలి మర్మము.

కర్రకు దారము జారు ఉంగరములను పట్టుదారముతో చుట్టి కట్టుదురు. ఆ కట్టు తడిసిన వదులగును గనుక దానిపై పూత కావలెను. ఆ పూతలలో ఒకటి స్పిరిటులో కరగించిన లక్క. లక్క యన పాండవుల కథలోని లక్కయిల్లు మన పిల్లలకును తెలియును. మోదుగ, రేగు, కుసుమ చెట్లపై చిన్న పురుగులు చేయు ఆ పదార్థమునకు ప్రపంచమున భారతదేశమే పెద్ద పుట్టినిల్లు. వెదురు ఇచటిది, లక్క ఇచటిది. రెండును సముద్రము దాటి, మెరుగుపెట్టిన దొరల కర్రలై తిరిగి మన కావేరికే వచ్చినవి. మద్రాసు రాజధాని ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ 1873లో మన దేశపు గాలపు వేటపై పెద్ద గ్రంథమే ప్రకటించెను. మహశీరు చేపకై ఎందరో దొరలు దానిని చేతబట్టి ఏళ్ల వెంబడి తిరిగిరి.

తరువాతి కథ త్వరగా నడచినది. 20వ శతాబ్దారంభమున చైనా వెదురు మన వెదురును వెనుకకు నెట్టినది. 1950లో అమెరికా చైనాతో వర్తకము నిలిపివేయగా ఆ వెదురును అచటికి రాకపోయెను. గాజునార కర్రలు, 1970లలో కర్బననార కర్రలు వచ్చినవి. లక్క స్థానమున ఇపాక్సీ వచ్చినది. స్విట్జర్లాండు దేశీయుడు పియర్ కాస్టాన్ 1930లలో దంతవైద్యమునకై పరిశోధించిన జిగురిది. మనయిండ్లలో విరిగిన పింగాణీని అతికించు అరాల్డైటు దీని కుటుంబములోనిదే. కర్బనకర్రలో నారను పట్టియుంచునదియు సాధారణముగా ఇపాక్సీయే.

ఇంత చదివిన పిమ్మట మేమే ఒక కర్ర చేయవలెనను కోరిక పుట్టినది. అడవి వెదురు మాట తలపరాదు. 2022లో మన కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల అడవులు కావేరి దక్షిణ అభయారణ్యముగా ప్రకటింపబడినవి. మూపుర మహశీరు 2018 నుండి నశించిపోవుటకు అత్యంత సమీపమున నున్న జాతుల పట్టికలో కలదు. ఇది న్యాయమైన కట్టడియే. కావున అంగడి వెదురునే కొని, నీడన నాలుగు మాసములు ఆరబెట్టి, సెగ చూపి వంకర తీసితిమి. మనుమడు ఉంగరములు కట్టెను.

పూత యొద్ద మాకు శాస్తి జరిగినది. ఇపాక్సీ రెండు సీసాల మందు. రెంటిని చెప్పిన పాళ్లలో సరిగా కొలిచి కలుపవలెను. ముప్పది యేండ్లు లెక్కలు వ్రాసిన మేము కంటి అంచనాతో కలిపితిమి. నెలయైనను పూత బంకగనే యుండి, ఈగలు అంటుకొనెను. అంతయు గీకి, రెండవమారు సిరంజీలతో కొలిచి, పూత ఒకవైపునకు జారకుండ కర్రను చిన్న మోటారునకు తగిలించి రాత్రియంతయు మెల్లగా త్రిప్పితిమి. తెల్లవారుసరికి కట్టు గాజువలె మెరయుచుండెను.

అయినను లక్కపై మమకారము చావలేదు. పిడి దగ్గరి రెండు కట్లకు ఇపాక్సీ వేయక లక్కయే పూసితిమి. ఐప్పసి వానలలో మనుమనితో రెండుమూడు మారులు చెరువునకు పోయివచ్చితిమి. లక్క పూసిన కట్లు తెల్లబడినవి. ఇపాక్సీ పూసినవి చెక్కుచెదరలేదు. మనుమడు వానిని చూపి నవ్వినాడు గాని, వచ్చు వేసవిలో ఆ రెంటికి మరల లక్కయే పూయ నిశ్చయించుకొన్నాము.