ఏటేటా కొత్త టీకా ఎందుకు?

“నిరుడు వేయించుకున్నాం కదా డాక్టరుగారూ, ఈ ఏడు మళ్ళీ ఎందుకు?” ప్రాక్టీసు చేసినన్నాళ్ళూ విన్న ప్రశ్న ఇది. దీనికి సమాధానం 1947లో ఉంది.

1933లో లండనులో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అనే శాస్త్రజ్ఞులు మనుషులకు ఫ్లూ తెచ్చే వైరసును వేరుచేశారు. ప్రయోగశాలలోని ఫెర్రెట్ (ముంగిసను పోలిన జంతువు) ముఖంమీద తుమ్మగా స్మిత్‌కే ఫ్లూ సోకింది! తరువాత అమెరికాలో థామస్ ఫ్రాన్సిస్, జోనస్ సాల్క్ కోడిగుడ్లలో పెంచిన వైరసును నిర్జీవంచేసి టీకా రూపొందించారు. అది సైనికులను చక్కగా కాపాడింది. 1945లో పౌరులకూ అనుమతి లభించింది. రెండేళ్ళకే, 1947లో, అదే టీకా నిష్ఫలమైంది. లోపం తయారీలో లేదు. వైరసు పైనుండే ప్రొటీన్లు మారిపోయాయి. 1952 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశదేశాల వైరసులను గమనిస్తూనే ఉంది. ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు టీకా కూర్పును సూచిస్తోంది.

ఆ అంచనా గురితప్పే సంవత్సరాలూ ఉంటాయి. అయినా ఇంట్లో వృద్ధులో, గర్భిణియో, ఉబ్బసం, మధుమేహం ఉన్నవారో ఉంటే వేయించమనే నా సలహా. ఆరు నెలలు నిండని పసికందుకు ఈ టీకా వేయరు. ఆ ఇంట్లో పెద్దలే వేయించుకోవాలి.