పెద్దబాపు ఫైల్లో మూడు కాగితాలు

పెద్దబాపు పోయాక ఇనప్పెట్టెలో దొరికిన ఫైలు ఇప్పుడు నా దగ్గరుంది. అందులో కంటిచూపు ఎంత మేర ఆనుతుందో కొలిచే ఫీల్డ్ టెస్టు కాగితాలు మూడు: 2004, 2011, 2018.

గుల్జార్‌హౌజ్ గల్లీలో నలభై ఏళ్ళు రాళ్ళు పొదిగిన చెయ్యి ఆయనది. ఆవగింజంత కెంపును పట్టకారుతో పట్టి, ఊపిరి బిగబట్టి గూట్లో కూర్చోబెట్టేవాడు.

మొదటి కాగితంలో ముక్కువైపు కిందుగా చిన్న నల్లమచ్చ, అంతే. డాక్టరు నీటికాసులని, అంటే గ్లకోమా అని చెప్పి రాత్రికొక చుక్క వేసుకొమ్మంది. మొదటి సీసా అయిపోయింది, రెండోది కొనలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, మందు వేస్తే చూపు పెరిగిందీ లేదు. పెరగదు మరి. చచ్చిన నరాన్ని ఏ మందూ లేపదు, మిగిలినదాన్ని కాపాడుతుంది. ఆ ఒక్క మాట ఆయన మనసుకెక్కేలా ఎవరమూ చెప్పలేకపోయాం.

1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల అధ్యయనంలో హైదరాబాద్‌లో 2,522 మందిని చూస్తే, ఓపెన్ యాంగిల్ గ్లకోమా 27 మందిలో బయటపడింది. ఆ సంగతి ముందే తెలిసినవాళ్ళు ఇద్దరే. పెద్దబాపుకు తెలుసు. తెలిసీ జారిపోయాడు.

2011 నాటికి మచ్చ విల్లులా వంగి పాకింది. చూపు ఎంత తగ్గిందో చెప్పే లెక్క మైనస్ 5 డెసిబెల్స్ నుంచి మైనస్ 14కు దిగింది. స్వీడన్‌లో మందు వేయకుండా గమనించిన రోగుల్లో, కంట్లో ఒత్తిడి ఎక్కువున్నవాళ్ళకు ఏడాదికి సగటున 1.31 డెసిబెల్స్ చొప్పున తరిగిందట. మా ఇంట్లోనూ దాదాపు అదే లెక్క! గడప కాలికి తగిలేది. లాల్‌దర్వాజ బోనాల నాడు పక్కనే నిలబడ్డ పెద్దమ్మ కోసం వెతుక్కున్నాడు. పీట మీద కూర్చుంటే మాత్రం రాయి తప్పేది కాదు. నడిమి చూపును చివరిదాకా వదిలిపెట్టడమే ఈ జబ్బు చేసే మోసం. పని నడుస్తోంది, కన్ను బాగుందనుకున్నాడు. మేమూ అనుకున్నాం.

తర్వాత రాయి చేతిలో ఉంటే కనిపించేది, పళ్ళెంలో పక్కకు దొర్లితే దొరికేది కాదు. అరచేత్తో తడుముకునేవాడు.

మూడో కాగితమంతా నలుపే, నడుమ శనగగింజంత తెలుపు. ఆ రోజు పరదా బయట నేనే కూర్చున్నా. చుక్క వెలుగు కనబడినప్పుడల్లా బటన్ నొక్కాలి. 2004లో టకటకమని వినిపించిన చప్పుడు ఈసారి లేదు.

"ఇంకా షురూ కాలేదా బిడ్డా?" అని లోపల్నుంచి అడిగాడు.

పరీక్ష మొదలై అప్పటికి నాలుగు నిమిషాలు.