ఆ గురువారం ఫలితాలు

2019 ఏప్రిల్ 18, గురువారం. తెలంగాణలో ఇంటర్ ఫలితాలొచ్చాయి. రెండు సంవత్సరాలవాళ్లూ కలిపి రాసింది 9 లక్షల మందికి పైనే. 3 లక్షల పైచిలుకు తప్పారు. ఆ తర్వాతి రోజుల్లో ఒక్కో ఊరి నుంచి ఒక్కో కబురు. 20 మందికి పైగా పిల్లలు మనకు దక్కకుండా పోయారు.

తప్పింది పిల్లలొక్కరే కాదని త్వరలోనే తేలింది. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయికి నిజంగా వచ్చింది 99. దిద్దినవాళ్లు గడుల్లో తొమ్మిదులకు బదులు సున్నాలు నింపారు. సరిచూడాల్సినవాళ్లు చూడలేదు. నాంపల్లిలో ఇంటర్ బోర్డు గేటు ముందు తల్లిదండ్రులు ఎండలో కూర్చున్నారు. త్రిసభ్య కమిటీ వచ్చింది. తప్పినవాళ్లందరి జవాబు పత్రాలూ ఉచితంగా మళ్లీ చూశారు. మే నెలాఖరుకి మరో 1,137 మంది పాసయ్యారు.

ఆ చావులకూ మార్కుల తప్పులకూ సంబంధం లేదంది ప్రభుత్వం. సరే, ఆ మాటే నిజమనుకుందాం. అప్పుడు దుఃఖం తగ్గదు సరికదా, పెరుగుతుంది. బోర్డుని తిట్టుకుని చేతులు కడుక్కునే వీలూ పోతుంది. ఏ బిడ్డ మరణానికీ కారణం ఒక్కటే ఉండదు. అయితే వాళ్లందరికీ మనం చెప్పని పాఠం మాత్రం ఒకటుంది.

ఇంటర్ జువాలజీలో మెదడు నిర్మాణం ఉంది. ఆ మెదడుకి జబ్బు చేస్తే ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేదు. ఈ వయసు డిప్రెషన్ ఏడుపుగానే కనబడాలని లేదు. చిరాకు, నిద్ర చెడటం, ఇష్టమైన ఆట మీద కూడా మనసు పోకపోవడం, ఇవి రెండు వారాలు దాటినా తగ్గకపోవడం. ఇళ్లలో దీనికి మనం పెట్టిన పేర్లు పొగరు, బద్ధకం, ఫోన్ పిచ్చి. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇప్పటికీ చాలామంది లెక్చరర్ల భయం. అలా పుట్టదు. అడిగినవాళ్లతో చెప్పుకునే దారి దొరుకుతుంది.

పిల్లలకు నేర్పితే ఫలితం ఉంటుందా అనేవాళ్లకు, 2015లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం ఉంది. పది ఐరోపా దేశాలు, 168 బడులు, 11 వేల పైచిలుకు విద్యార్థులు. టీచర్లకిచ్చిన శిక్షణతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. విద్యార్థులతోనే ఐదు గంటలు కూర్చుని, పాత్రలు వేయించి, మాట్లాడించిన చోట మాత్రం ఏడాది తర్వాత ఆత్మహత్యా ప్రయత్నాలు సగానికి సగం తగ్గాయి. ఐదు గంటలు! మన కార్పొరేట్ కాలేజీల్లో ఒక్క రోజు స్టడీ అవర్లే దాదాపు అంత.

విశాఖలో నీట్‌కి చదువుతూ 2023లో చనిపోయిన ఓ అమ్మాయి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది. వంద మంది, ఆపైన ఉంటే ఒక కౌన్సెలర్, మార్కులను బట్టి సెక్షన్లు విడదీయకూడదు, సిబ్బందికి ఏటా రెండుసార్లు శిక్షణ, విద్యార్థులకు మానసిక ఆరోగ్య పాఠాలు. కాగితం మీద బాగానే ఉంది. ఏ కాలేజీ ఏ ఫిజిక్స్ పీరియడ్ వదులుకుంటుందో చూడాలి. ఈలోగా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళ ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఆ నంబరు హాల్‌టికెట్ మీదా మార్కుల మెమో మీదా అచ్చు వేయడానికి త్రిసభ్య కమిటీ అక్కర్లేదు.