బహుమానమందిన అక్షరాస్యత, బడి కోల్పోయిన మాతృభాష
(బర్మా సైనికపాలనలో విద్యావిధానము – ప్రపంచసంస్థల పాత్ర)

తళి, దేన్కనికోట ప్రాంతములలో తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినవచ్చును. ఇట్టి సరిహద్దు సీమలో బడి ఏ భాషలో నడువవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. ఈ ప్రశ్నకు నిరంకుశ ప్రభుత్వమొకటి తానే సమాధానము చెప్పి, అదే కాలమున ప్రపంచసంస్థల మెప్పును కూడ పొందినచో ఏమగునో తెలిసికొనుటకు తెలుగువారి ప్రవాస చరిత్రలోనే ఒక నిదర్శనము కలదు. అది బర్మా.

కోరంగి రేవునుండి ఓడలెక్కిన తెలుగువారిని బర్మాలో ‘కోరంగీలు’ అని పిలిచెడివారు. రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను వారి శ్రమ ఎన్నదగినది. 1931 జనగణన నాటికి ఆ దేశమున భారతీయులు 10,17,825 మంది. 1942 లో జపాను దండయాత్రకు వెరచి లక్షలమంది కాలినడకను స్వదేశము చేరిరి. యుద్ధానంతరము మిగిలినవారును, మరలి వెళ్లినవారును తమ సంఘములను, బడులను తిరిగి నిలువబెట్టుకొనిరి.

ఆ దశాబ్దముననే యునెస్కో భాషావిషయమున ఒక స్పష్టమైన నిర్ణయమునకు వచ్చినది. 1951 లో పారిస్ నగరమున సమావేశమైన నిపుణుల అభిప్రాయములను 1953 లో గ్రంథరూపమున ప్రకటించినది. బాలునకు బోధించుటకు మాతృభాషయే ఉత్తమ సాధనమనియు, సాధ్యమైనంత కాలము దానినే వాడవలెననియు అందలి సారము. 1961 లో ఐక్యరాజ్యసమితి కార్యదర్శి పదవి నధిష్ఠించిన ఊ థాంట్ బర్మీయుడే. అంతేకాదు, పూర్వాశ్రమమున పాఠశాల ప్రధానోపాధ్యాయుడు. ప్రపంచసంస్థల మాట చెల్లుబడి కాదగిన దేశమేదైన నున్నచో అది బర్మాయే యని ఎవరైనను తలంతురు.

జరిగినది వేరు. 1962 మార్చి 2 న సేనాని నే విన్ అధికారమును హస్తగతము చేసికొనెను. బ్యాంకులు, వర్తకము, దుకాణములు జాతీయము చేయబడెను. 1964 మే నెలలో 50, 100 చాట్ల నోట్లు చెల్లవని ప్రకటింపబడెను. కూడబెట్టిన సొమ్ము కాగితముగ మారగా సుమారు మూడు లక్షల భారతీయులు ఆ సంవత్సరములలో దేశము విడిచిరి. 1965 లో ప్రైవేటు పాఠశాలల జాతీయీకరణ ఆరంభమైనది. మిషనరీల బడులు, చీనీయుల బడులు, భారతీయ సంఘముల బడులు ప్రభుత్వ పరమైనవి. బోధనభాష బర్మీ యొక్కటే. తెలుగునకు ఇల్లును, గుడియును మాత్రమే మిగిలినవి.

అదే 1965 సెప్టెంబరులో నిరక్షరాస్యతా నిర్మూలనకై యునెస్కో ప్రపంచ విద్యామంత్రుల మహాసభను టెహరానులో జరిపినది. ఆతిథ్యమిచ్చినవాడు ఇరాను షా. ఆయన పేరనే యునెస్కో ఒక అక్షరాస్యతా బహుమానమును నెలకొల్పినది. 1971 లో ఆ బహుమానము బర్మాకు లభించినది. 1983 లో నోమా బహుమానమును లభించినది. ఒక నిరంకుశుని పేర ఏర్పడిన సన్మానము మరియొక నిరంకుశుని పాలనకు దక్కుట గమనింపదగిన విషయము.

బర్మా అక్షరాస్యతోద్యమము వట్టి ఆర్భాటమనుట న్యాయము కాదు. విద్యార్థులు సెలవులలో పల్లెలకు పోయి రైతులకు వ్రాత, చదువు నేర్పిరి. ఆ సేవ నిజమైనది. కాని బహుమానము ఎందరు చదువ నేర్చిరో లెక్కించినదేకాని ఏ భాష బడినుండి తొలగిపోయెనో లెక్కింపలేదు. ఆ సంస్థయే ప్రకటించిన 1953 సూత్రము గ్రంథాలయమున నుండిపోయినది. సన్మానము మాత్రము ప్రభుత్వ ప్రచారమునకు ఉపకరించినది. నిరంకుశునకు ప్రపంచసంస్థ చెప్పు హితవు కంటె అది ఇచ్చు పతకమే ప్రియమైనది.

1987 డిసెంబరులో బర్మా అత్యల్పాభివృద్ధి దేశముల పట్టికలో చేరినది. ఆ పట్టికకు 1971 లో ఏర్పడిన కొలమానములలో అక్షరాస్యత నూటికి 20 కి మించరాదన్నది ఒకటి. అధికారిక లెక్కల ప్రకారమే బర్మాలో అక్షరాస్యత నూటికి డెబ్బదికి పైబడి యుండెను! ఇట్లు చదువు ఒకప్పుడు కీర్తికిని, వేరొకప్పుడు ఋణసౌకర్యములకును సాధనమైనది. ఈ నడుమ 1982 పౌరసత్వ చట్టము 1823 కు పూర్వమే ఆ దేశమున స్థిరపడిన జాతులను స్థానికజాతులుగ గుర్తించుటచే, తరతరములుగ నచట నున్న తెలుగువారు ఆ గణనకు వెలుపలివారైరి. ప్రపంచసంస్థ గుర్తింపు, స్వదేశపు గుర్తింపు రెండును లేని భాషకు బడిలో చోటెట్లు దొరకును?

తళి సీమ స్థితి దీనికి భిన్నము. ఇచట రాజ్యాంగపు 30 వ అధికరణము అల్పసంఖ్యాకులకు బడులు నెలకొల్పుకొను హక్కు నిచ్చినది. 1956 లో చేర్చిన 350–ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన వసతులు కల్పింప యత్నించు బాధ్యతను రాష్ట్రములపై నుంచినది. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము 2015–16 నాటికి పదవ తరగతిని చేరినపుడు అల్పసంఖ్యాక భాషల విద్యార్థులు న్యాయస్థానము నాశ్రయించి మినహాయింపులు పొందగలిగిరి. బర్మా తెలుగువారికి తట్టుటకు అట్టి తలుపే లేకపోయెను.

అయినను తలుపున్నంత మాత్రమున బడి నిలువదు. ప్యారిస్ తీర్మానమైనను, ఢిల్లీ అధికరణమైనను తరగతి గదిలో పిల్లలున్నంత వరకే ప్రాణముతో నుండును. బర్మాలో బడిని ప్రభుత్వము తీసికొనెను. ఇచట దానిని తీసికొనువారు లేకున్నను, పిల్లలను పంపువారు లేనిచో ఫలితమొక్కటే. తెలుగు బడి హాజరుపట్టీలో పిల్లవాని పేరు వ్రాయించు తల్లిదండ్రులే ఆ అధికరణమునకు నిజమైన రక్షకులు.