యోజనం: కాడి కట్టిన దూరం

"మీ ఊరెంత దూరం?" అంటే "గంట" అంటాం. అడిగింది దూరం, చెప్పింది కాలం. అయినా అర్థమైపోతుంది. బస్సు ఎంత వేగంతో పోతుందో ఇద్దరికీ తెలుసు కదా! 'యోజనం' కూడా ఇలా పుట్టిన మాటే.

సంస్కృతంలో 'యుజ్' ధాతువుకు కలపడం, కట్టడం అని అర్థం. యోగం, సంయోగం, చివరికి నియోజకవర్గం కూడా ఆ కుదురువే. యోజనమంటే పశువులను బండికి పూన్చడం. ఒకసారి పూన్చి, మళ్లీ విప్పేలోగా బండి సాగినంత మేర కొలతైంది. వేగాన్నీ కాలాన్నీ గుణించి ఒకే మాటలో దాచారన్నమాట. చిక్కల్లా ఎద్దులతోనే, అన్నీ ఒకే వేగంతో నడవవు. అందుకే యోజనం అయిదు మైళ్లన్న వాళ్లున్నారు, ఎనిమిదన్న వాళ్లూ ఉన్నారు.

యోజనంలో నాలుగో వంతు క్రోశం, వాడుకలో కోసు. దానికి మూలార్థం అరుపు. 'ఆక్రోశం'లో వినిపించేది అదే. మన 'కూతవేటు దూరం'లోనూ అదే ఊహ. కోసంటే సుమారు రెండు మైళ్లు. అంతదూరం వినబడే గొంతు ఎవరిదో మరి!

ఇక "గంట దూరం" అన్నప్పుడు మనసులో ఉండేది సగటు వేగం. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 60 కిలోమీటర్ల ఊరికి గంటలో వెళ్లి, రెండు గంటల్లో తిరిగొస్తే సగటు, ఆ రెండు వేగాలకు నడుమనున్న 45 కాదు. మొత్తం 120 కిలోమీటర్లు, 3 గంటలు: గంటకు 40. నెమ్మదిగా సాగిన దారిలోనే ఎక్కువసేపు గడిపాం మరి.