ఫ్రెంచి వర్తమాన కాల క్రియారూపాలు: చరిత్ర

ఫ్రెంచి భాషలో దాదాపు ప్రతి క్రియా వర్తమాన కాలంలో ఉత్తమ, మధ్యమ, ప్రథమ పురుషలు మూడింటిలోను, ఏకవచన బహువచనాలు రెండింటిలోను కలిపి ఆరు స్థానాల్లో నడుస్తుంది. ఈ ఆరింటిని వరుసగా చెప్పడాన్నే క్రియారూపావళి అంటారు. క్రియ మూలరూపం చివరి అక్షరాలను బట్టి క్రియలను నేడు మూడు గణాలుగా విభజిస్తున్నారు. 'వెళ్లడం' అనే క్రియ తప్ప ఇ.ఆర్.తో ముగిసేవి మొదటి గణం, ఐ.ఆర్.తో ముగిసి, బహువచనంలో 'ఇస్' అనే ముక్కను చేర్చుకొనేవి రెండవ గణం; తక్కినవన్నీ మూడవ గణం. ఫ్రెంచి క్రియల్లో నూటికి తొంభై వరకు మొదటి గణానికే చెందినా, ఉండడం, కలిగి ఉండడం, వెళ్లడం, చేయడం, చెప్పడం వంటి నిత్యావసర క్రియలు మాత్రం నియమానికి లొంగవు. ఈ విచిత్రానికి కారణం భాషా చరిత్రలోనే ఉంది.

ఈ రూపాలకు మూలం లాటిన్. రోమన్ సామ్రాజ్యంలో గాల్ అని పిలిచిన ప్రాంతంలో సామాన్యులు మాట్లాడిన లాటిన్ క్రమంగా మారి ఫ్రెంచి అయింది. లాటిన్‌లో 'ప్రేమించు' అనే క్రియ వర్తమానంలో అమో, అమాస్, అమత్, అమాముస్, అమాతిస్, అమంత్ అని నడిచేది. ప్రత్యయమే పురుషను స్పష్టంగా చూపేది కనుక, తెలుగులో 'వస్తాను', 'వస్తావు' అన్నప్పుడు నేను, నువ్వు అని విడిగా చెప్పనక్కర లేనట్లే, లాటిన్‌లోనూ సర్వనామం అవసరమయ్యేది కాదు. రెండవ గణంలోని 'ఇస్' కూడా లాటిన్ నుంచి వచ్చినదే. అక్కడ అది 'మొదలుపెట్టడం' అనే అర్థాన్నిచ్చే ప్రత్యయం. ఫ్రెంచిలో ఆ అర్థం పూర్తిగా పోయి, 'ఫినీర్' (ముగించు) అనే క్రియ 'ను ఫినిసోఁ' (మేము ముగిస్తాము) అయ్యేటప్పుడు ఒట్టి ధ్వనిగా మిగిలింది. సామ్రాజ్యం కూలిన తరువాతి నాలుగు శతాబ్దాల్లో ఈ మార్పు నోటిమాటలోనే సాగింది.

842లో చార్లెమాన్ మనుమలు చార్లెస్, లూయీ చేసుకున్న స్ట్రాస్‌బర్గ్ ప్రమాణాలతో ఈ భాష మొదటిసారి రాతకెక్కింది. దానికి దాదాపు నలభై ఏళ్ల తరువాత సెయింట్ యులాలీ స్తుతిగీతం వెలువడింది. సుమారు 1100 నాటి రోలాఁ వీరగాథలో కవి ఒకే ఘట్టంలో వర్తమానాన్ని, భూతాన్ని యథేచ్ఛగా కలిపి కథ నడపడం కనిపిస్తుంది. జరిగిపోయినదాన్ని కళ్ల ముందు జరుగుతున్నట్లు వర్తమానంలో చెప్పే ఈ పద్ధతి ఫ్రెంచి కథనంలో నేటికీ సజీవంగా ఉంది.

పాత ఫ్రెంచి వర్తమానంలో అన్నిటికంటె ముందు గమనించవలసింది ఊనిక, అంటే పలుకులో ఏ అక్షరంపై బరువు పడుతుందన్న విషయం. ఏకవచన రూపాలు మూడింటిలోను, ప్రథమ పురుష బహువచనంలోను ఊనిక ధాతువుపై పడేది. 'మేము', 'మీరు' రూపాల్లో మాత్రం ప్రత్యయంపై పడేది. ఊనిక పడినచోట అచ్చు ఒక విధంగా, పడనిచోట మరొక విధంగా మారడంతో ఒకే క్రియకు రెండు ధాతువులు ఏర్పడ్డాయి. 'మాట్లాడు' అనే క్రియ దీనికి చక్కని ఉదాహరణ: నేను మాట్లాడతాను అనడానికి 'పరోల్' అనీ, మేము మాట్లాడతాము అనడానికి 'పర్లోన్స్' అనీ ఉండేది. 'ప్రేమించు' క్రియలో 'ఐమ్', 'అమోన్స్' అనే జంట ఉండేది. 14వ శతాబ్ది నుంచి ఈ జంటలను ఒకటిగా చదును చేసే ధోరణి బలపడింది. 'మాట్లాడు' క్రియలో బహువచనపు పొట్టి ధాతువు గెలవగా, 'ప్రేమించు' క్రియలో ఏకవచనపు ధాతువు గెలిచింది. 'కనుగొను' అనే క్రియలో 'త్రెవ్', 'త్రూవ్' అనే రెండు రూపాలూ చాలాకాలం పోటీపడ్డాయి. 1666లో మొలియేర్ తన 'మిజాంత్రోప్' నాటకంలో వితంతువు అనే అర్థంగల 'వెవ్' పదానికి అంత్యప్రాసగా పాత రూపమైన 'త్రెవ్'నే వాడాడు. అనుదినం నోట నానే కొన్ని క్రియల్లో మాత్రం చదును జరగలేదు. వచ్చు, తాగు, చనిపోవు, చేయగలుగు అనే అర్థాలుగల క్రియల్లో ఏకవచనానికి ఒక ధాతువు, 'మేము', 'మీరు' రూపాలకు మరొక ధాతువు ఈనాటికీ ఉన్నాయి. విద్యార్థులు అపవాదాలుగా వల్లెవేసేవి ఇలాంటి ప్రాచీన నియమపు ఆనవాళ్లే.

ధాతువుల చదును సాగిన కాలంలోనే పదాంత ధ్వనులు రాలిపోయాయి. 'మాట్లాడు' క్రియకు నేను, నువ్వు, అతడు, వారు అనే నాలుగు స్థానాల్లోను నేడు వినిపించేది 'పార్ల్' ఒక్కటే. 'మేము' రూపం 'పార్లోఁ', 'మీరు' రూపం 'పార్లే'. రాతలో అయిదు రూపాలున్నా చెవికి అందేవి మూడే. 'వారు' రూపం చివర రాసే ఇ-ఎన్-టి అనే మూడు అక్షరాలు ఒకప్పటి ఉచ్చారణకు గుర్తులు, ఇప్పుడు అవి మౌనాక్షరాలు. ప్రత్యయం పురుషను చెప్పలేని స్థితి వచ్చేసరికి ఆ పని సర్వనామం చేయవలసి వచ్చింది. 17వ శతాబ్ది నాటికి జ, త్యు, ఇల్, ను, వు అనే సర్వనామాలను క్రియకు ముందు చేర్చడం తప్పనిసరి అయింది.

16వ శతాబ్ది ఈ చరిత్రలో వెలుగు నిండిన ఘట్టం. ఫ్రాన్సులో న్యాయ, పరిపాలనా పత్రాలు ఫ్రెంచిలోనే ఉండాలని 1539లో మొదటి ఫ్రాన్స్వా రాజు వీలేర్-కోత్రే శాసనం వెలువరించక ముందే వ్యాకర్తలు పని మొదలుపెట్టారు. ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ చెల్లెలు మేరీకి ఫ్రెంచి నేర్పిన జాన్ పాల్స్‌గ్రేవ్ 1530లో లండన్‌లో బృహద్‌గ్రంథాన్ని ప్రచురించి, అందులో క్రియలను ఉత్తమ పురుష ఏకవచన వర్తమాన రూపంలోనే అకారాదిగా పొందుపరిచాడు. మరుసటి ఏడాది పారిస్ వైద్యుడు జాక్ ద్యుబ్వా లాటిన్‌లో ఫ్రెంచి వ్యాకరణం రాశాడు. ఫ్రెంచి వ్యాకరణాన్ని ఫ్రెంచిలోనే రాసిన తొలి ఘనత లియోన్ వాసి లూయీ మెగ్రేది. పలికినట్లే రాయాలని వాదించిన ఈ సాహసి తన 1550 నాటి గ్రంథాన్ని అదే లిపి పద్ధతిలో అచ్చువేయించాడు. ఆ పద్ధతి నిలబడి ఉంటే మౌనాక్షరాల బెడద చాలావరకు తప్పేది. రొబేర్ ఎతియెన్ 1557లోను, రామ్యు 1562లోను తమ వ్యాకరణాలు వెలువరించారు.

1635లో స్థాపితమైన ఫ్రెంచి అకాడమీ సభ్యుడు వోజలా 1647లో ప్రచురించిన భాషా పరిశీలనల్లో రాజసభలోని ఉత్తమ వర్గపు వాడుకను ప్రమాణంగా తీసుకున్నాడు. 'నేను వెళ్తాను' అనే రూపం గురించి ఆయన రాసినది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. చదువుకున్నవారు 'జ వే' అంటారని, రాజసభ అంతా 'జ వా' అంటుందని, 'జ వే' అనడాన్ని సభ పల్లెటూరి మాటగానో పారిస్ సామాన్యుల మాటగానో చూస్తుందని ఆయన నమోదు చేశాడు. నేడు ప్రామాణికమైనది 'జ వే'యే. రాజసభ రూపం నిలవలేదు. ఉత్తమ పురుష చివరి ఎస్ అక్షరం విషయంలో కూడా అనిశ్చితి ఉండేది. 'చూస్తాను', 'నమ్ముతాను' అనే రూపాలను 17వ శతాబ్ది కవులు ప్రాస అవసరాన్ని బట్టి ఆ అక్షరంతోను, అది లేకుండాను రాశారు.

1835 నాటి అకాడమీ నిఘంటువు, వోల్టేర్ కోరిన విధంగా, 'ఎరుగుదును' వంటి రూపాల్లో ఓ-ఐ అనే జంటను ఏ-ఐగా మార్చి రాతను ఉచ్చారణకు దగ్గర చేసింది. 1842లో బెషెరెల్ సోదరులు ప్రచురించిన క్రియారూప గ్రంథం వారి పేరును రూపావళి పుస్తకానికి పర్యాయపదం చేసింది. 1990 డిసెంబరు 6న అధికార పత్రికలో వెలువడిన లిపి సవరణలు ద్విత్వాక్షరంతో రాసే కొన్ని క్రియలను సరళం చేశాయి.

వాడుక విషయంలో ఫ్రెంచి వర్తమానం చాలా విశాలమైనది. 'ఇల్ ప్లె' అంటే వాన పడుతోంది అనీ, పడుతుంది అనీ కూడా. తెలుగు వ్యాకర్తలు వర్తమానం, తద్ధర్మం అని విడదీసిన రెంటినీ ఫ్రెంచి ఒకే రూపంతో చెబుతుంది. గతంలో మొదలై ఇంకా సాగుతున్న పనికి ఇంగ్లీషు వేరే రూపం కోరగా, ఫ్రెంచి వర్తమానాన్నే వాడుతుంది. 'అయిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను' అనే తెలుగు వాక్యం కూడా వర్తమానంలోనే ఉంటుంది కనుక తెలుగువారికి ఇది సహజంగా పట్టుబడుతుంది. 'వు' అనే సర్వనామం బహువచనానికీ గౌరవార్థానికీ కూడా పనికివస్తుంది, అచ్చం తెలుగు 'మీరు' లాగే. 18వ శతాబ్ది నుంచి 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో తెలుగువారికి ఈ భాషతో ప్రత్యక్ష పరిచయం ఉండేది; నేడు రెండు తెలుగు రాష్ట్రాల్లోను ఇంటర్మీడియట్‌లో ఫ్రెంచిని ద్వితీయ భాషగా తీసుకొనే విద్యార్థులున్నారు.

'మీరు' రూపానికి సాధారణ ప్రత్యయాన్ని స్వీకరించని క్రియలు మూడు ప్రసిద్ధం: ఉండడానికి 'ఎత్', చేయడానికి 'ఫెత్', చెప్పడానికి 'దిత్'. 'వారు' రూపం 'ఓఁ' ధ్వనితో ముగిసేవి నాలుగు: సోఁ, ఓఁ, వోఁ, ఫోఁ, ఇవి వరుసగా ఉండడం, కలిగి ఉండడం, వెళ్లడం, చేయడం అనే క్రియలవి. కొత్తగా నేర్చుకొనేవారు మొట్టమొదట కంఠస్థం చేయవలసినవి ఈ నాలుగు క్రియలే.